మేపుల్ బోన్సాయ్ ఆకు ఎందుకు మాడుతుంది?

బోన్సాయ్ చెట్లలో మర్రి, జువ్వి, పైన్ వంటివాటిని కాండపు మెలికల కోసమో, తొట్టి అంచుదాకా పాకిన వేళ్ళ కోసమో చూస్తారు గాని, మేపుల్‌ను మాత్రం అన్నిటికంటె ముందు ఆకు కోసమే చూస్తారు. వసంతంలో ఎర్రని చిగురుగా విచ్చుకొని, వేసవిలో పచ్చబడి, శరత్తులో పసుపు, నారింజ, కెంపు రంగులకు తిరిగి రాలిపోయే ఆ ఆకు కోసమే దానిని ఏళ్ళ తరబడి చిన్న తొట్టిలో పెంచుతారు. అందువల్ల ఆ ఆకు అంచు గోధుమరంగుకు మారినా, మధ్యలో మచ్చ పడినా, పైన తెల్లని పొడి కనిపించినా పెంపకందారు కలవరపడి, చేతికందిన మందు చల్లడానికి సిద్ధపడటం సహజమే. అయితే ఆకు తన బాధను చెప్పుకొనే మార్గాలు బహు కొద్ది: మాడటం, పాలిపోవడం, ముడుచుకోవడం, మచ్చపడటం, రాలిపోవడం. ఈ అయిదారు లక్షణాలతోనే నీటి కొరతను, నీటి అతిని, ఎండను, చలిని, శిలీంధ్రాన్ని, పురుగును, వేరుకుళ్ళును అది తెలపవలసి ఉండటం వల్ల, పరస్పర విరుద్ధమైన కారణాలు ఒకే రూపంలో బయటపడుతుంటాయి. తొట్టి ఎండిపోయిన చెట్టుకూ, తొట్టిలో నీరు నిలిచిపోయిన చెట్టుకూ ఆకు అంచు ఒకే విధంగా మాడుతుంది; మొదటిదానికి ఇచ్చే చికిత్స రెండవదానిని చంపుతుంది. మేపుల్ ఆకుల సమస్యలలో అధికభాగం తెగుళ్ళు కావనీ, అవి ఎండ, గాలి, నీరు, వేరు అనే నాలుగింటి మధ్య లెక్క తప్పడం వల్ల పుట్టేవనీ గ్రహించినప్పుడే నిర్ధారణ దారిన పడుతుంది.

బోన్సాయ్‌గా పెంచే మేపుళ్ళలో రెండు జాతులు ముఖ్యమైనవి. మొదటిది జపాన్, కొరియా అడవులలో సహజంగా పెరిగే ఏసర్ పామేటమ్, అంటే జపాన్ మేపుల్. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ పీటర్ థున్‌బర్గ్ 1784లో దీనికి ఈ శాస్త్రీయ నామం పెట్టాడు. రెండవది చైనా నుంచి 18వ శతాబ్దంలో జపాన్‌కు చేరిన ఏసర్ బ్యూర్జేరియానమ్. మూడు కొనలుగా చీలిన ఆకును బట్టి దీనిని ట్రైడెంట్ మేపుల్ అంటారు. ఈ రెండిటి స్వభావాలు ఒకటి కావు. జపాన్ మేపుల్ పెద్ద చెట్ల నీడలో, ఆకులు కుళ్ళి ఏర్పడిన తేమగల నేలలో పెరగడానికి అలవాటుపడినది కనుక దాని ఆకు పలుచన, మధ్యాహ్నపు ఎండకు ఓర్వలేదు. ట్రైడెంట్ ఆకు కొంత దళసరి, మైనపు మెరుపు కలది, ఎండకు బాగా తట్టుకొంటుంది గాని దాని నీరుపట్టిన లావుపాటి వేళ్ళు గడ్డకట్టే చలికి దెబ్బతింటాయి. 1923 నాటి కాంటో భూకంపం తరువాత టోక్యో నుంచి తరలివెళ్ళిన బోన్సాయ్ పెంపకందారులు 1925లో స్థాపించుకొన్న ఓమియా గ్రామం నేటికీ ఈ చెట్ల పోషణకు పేరుపడిన చోటు. అక్కడి వాతావరణాన్ని తలచుకొంటే ఆకు మాడే కాలం ఎందుకు వస్తుందో కూడ అర్థమవుతుంది. చెట్టు నిజంగా మేపులేనా అన్నది కూడ ముందే తేల్చుకోవాలి: కాశ్మీరు చిత్రాలలో కనిపించే చినార్ ఆకును చూసి మేపుల్ అనుకొనేవారు మనలో ఎందరో ఉన్నారు. అది వేరే కుటుంబానికి చెందిన చెట్టు. కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా జంటలుగా పుడితే మేపుల్, ఒకటి విడిచి ఒకటిగా పుడితే చినార్ అని సులభంగా గుర్తుపట్టవచ్చు.

మచ్చ కంటె దాని స్థానం ముఖ్యం

సమస్య కనిపించిన వెంటనే ఆకును తెంపి ఫోటోలతో పోల్చి చూడటం ఎక్కువమంది చేసే పని. నిజానికి ఒక్క ఆకు చెప్పగలిగేది తక్కువ. ముందుగా చెట్టు మొత్తాన్ని కాస్త దూరం నుంచి చూసి, దెబ్బ చెట్టంతటా సమంగా ఉందా, ఒక వైపే ఉందా, పైకొమ్మలకు పరిమితమయిందా, ఒకే ఒక కొమ్మను పట్టుకొందా అని గమనించాలి. పడమటి వైపు, లేదా గాలి వీచే వైపు ఆకులే మాడి, లోపలి ఆకులు నవనవలాడుతుంటే అది ఎండదెబ్బో గాలిదెబ్బో అయి ఉంటుంది. అన్ని ఆకుల అంచులూ ఒకే తీరున మాడితే వేరునూ నీటినీ అనుమానించాలి. ఒక కొమ్మ మాత్రమే వాడిపోయి మిగిలిన చెట్టు బాగుంటే ఆ కొమ్మ లోపలి నాళాలలో ఏదో అడ్డుపడిందని భావించాలి. తరువాత ఆకు వయస్సు చూడాలి. చెట్టు కొన్ని పోషకాలను ముదురాకుల నుంచి వెనక్కు తీసుకొని చిగుళ్ళకు పంపగలదు, కొన్నింటిని పంపలేదు. అందుచేత నత్రజని, మెగ్నీషియం లోపిస్తే ముదురాకులు ముందుగా పాలిపోతాయి, ఇనుము లోపిస్తే లేతాకులు ముందుగా పాలిపోతాయి.

ఆ తరువాతే ఆకును చేతిలోకి తీసుకోవాలి, అదీ పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దంతో. ఎండదెబ్బ తిన్న ఆకులో మాడిన భాగం కొనల నుంచి లోపలికి, ఈనెల మధ్య భాగాలను ముందుగా ఆక్రమిస్తూ వస్తుంది; వేలితో నలిపితే అప్పడంలా పెళుసుగా విరుగుతుంది; దాని మీద పొడిగాని, చుక్కలుగాని ఉండవు. శిలీంధ్రపు మచ్చ అలా ఉండదు. అది ఆకులో ఎక్కడైనా మొదలవుతుంది, చుట్టూ ముదురు ఊదారంగు అంచు గీసుకొంటుంది, దినదినం పెరుగుతుంది, మచ్చ మధ్యలో సూదిమొనంత నల్లని చుక్కలు కనిపిస్తే అవి శిలీంధ్రం తన బీజాలను తయారుచేసుకొనే తిత్తులు. ఒక రోజున ప్రత్యక్షమై మరి పెరగని మచ్చ సాధారణంగా వాతావరణపు దెబ్బ, వారం వారం పాకే మచ్చ జీవి చేసే పని అనే ఈ భేదం నూటికి నూరుపాళ్ళు నిలబడకపోయినా, తొలి అంచనాకు ఇంతకంటె మంచి ఆధారం లేదు. అనుమానం వచ్చిన ఆకు కాడకు దారం కట్టి ఉంచి, వారం తరువాత మళ్ళీ అదే ఆకును చూడటం ఖర్చులేని పరీక్ష.

ఎండదెబ్బ

మేపుల్ ఆకులో ఈనెలన్నీ కాడ దగ్గర ఒక బిందువు నుంచి బయలుదేరి ఒక్కొక్క కొనలోకి ఒక్కొక్కటిగా సాగుతాయి. పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరైపోయే వేగం వేళ్ళు పీల్చి పంపే వేగాన్ని మించినప్పుడు, సరఫరాలో చిట్టచివర ఉన్న ఆ కొనలకే మొదట నీరు అందక కణాలు చనిపోతాయి. ఇది తొట్టి ఎండిపోవడం వల్లనే జరుగుతుందనుకోవడం పొరపాటు. మట్టి తడిగా ఉన్నా, పొడిగాలి తీవ్రంగా వీస్తే వేళ్ళు ఆ వేగాన్ని అందుకోలేవు. ఓమియా ఉన్న టోక్యో పరిసరాలలో జూన్ నుంచి జులై మధ్య దాకా మబ్బు కమ్మి వానలు పడే కాలంలో పుట్టిన ఆకులు పలుచగా, మెత్తగా తయారవుతాయి. వానలు ఆగిన మరునాటి నుంచే ఎండ ముదరడంతో ఆ ఆకులు రెండు మూడు రోజులలో అంచులు మాడిపోతాయి. అందుకే అక్కడి పెంపకందారులు ఆ సమయానికి బల్లల మీద నీడవల కడతారు, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి తొట్లను మారుస్తారు. సన్నని దారాల్లా చీలిన ఆకులున్న రకాలూ, తెల్లచారలు కలిసిన ఆకులున్న రకాలూ అన్నిటికంటె ముందు మాడతాయి. పత్రహరితం లేని తెల్లని భాగానికి ఎండనుంచి రక్షణ తక్కువ.

మిట్టమధ్యాహ్నం ఆకుల మీద నీరు పడితే ఒక్కొక్క బొట్టూ భూతద్దంలా ఎండను కూడగట్టి ఆకును కాలుస్తుందన్న నమ్మకం మన తోటలలోనే కాక ప్రపంచమంతటా ఉంది. హంగరీ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధనలో దీనిని మేపుల్ ఆకుల మీదనే పరీక్షించి చూశారు: నున్నని ఆకు మీద గాజుగోళీలు పెడితే ఆకు కాలింది గాని, నీటిబొట్లు కాల్చలేదు; బొట్టు ఆకుకు అంటుకొని చదునుగా పరుచుకొంటుంది కనుక కిరణాలు ఆకు మీద కాక దానికి ఎంతో దిగువన కేంద్రీకృతమవుతాయి, పైగా నీరు ఆకును చల్లబరుస్తుంది. నూగు దట్టంగా ఉన్న ఆకుల విషయం వేరు. ఆ నూగు బొట్టును ఆకుకు ఎడంగా ఎత్తి పట్టుకొంటుంది. మేపుల్‌కు అటువంటి నూగు లేదు. కాబట్టి మధ్యాహ్నం తొట్టి ఎండిపోయి ఆకులు వేలాడుతుంటే సాయంత్రం దాకా ఆగడం కంటె అప్పుడే నీరు పోయడం మేలు. ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న నీరు ఆకు మీద పడి పదేపదే ఆరితే తెల్లని మరకలు ఏర్పడటం, ఆ లవణాలు అంచులను దెబ్బతీయడం మాత్రం నిజమే.

ఒకసారి మాడిన భాగం తిరిగి పచ్చబడదు; ఏ మందుకూ ఆ శక్తి లేదు. సగం మాడిన ఆకులో మిగిలిన సగం ఇంకా కిరణజన్య సంయోగక్రియ జరుపుతూనే ఉంటుంది కనుక, చూపుకు బాగులేదని దానిని తుంచివేయడం చెట్టుకు రెండవ దెబ్బ అవుతుంది.

తొట్టిలో జరిగేది

బోన్సాయ్ తొట్టి లోతు తక్కువ. లోతు తక్కువైన తొట్టి త్వరగా ఎండుతుందని అందరూ గ్రహిస్తారు గాని, అదే తొట్టి అడుగున నీరు ఎక్కువ భాగం నిలుస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. మట్టిరేణువుల మధ్య సన్నని ఖాళీలు నీటిని పట్టి ఉంచడం వల్ల ప్రతి తొట్టి అడుగునా, చిల్లులున్నా సరే, కొంత మందాన నీరు దిగకుండా నిలబడుతుంది. ఆ పొర మందం రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుందే తప్ప తొట్టి లోతును బట్టి కాదు. మూడు సెంటీమీటర్ల తడిపొర ముప్ఫై సెంటీమీటర్ల కుండీలో పదోవంతు మాత్రమే. అయిదు సెంటీమీటర్ల బోన్సాయ్ తొట్టిలో అదే సగానికి పైగా అవుతుంది. మామూలు తోటమట్టి బోన్సాయ్‌కు పనికిరాకపోవడానికీ, జపానీయులు అకడామా అనే అగ్నిపర్వతపు బంకమట్టి గుళికలను, వాటితో పాటు తేలికైన ప్యూమిస్ రాతి ముక్కలను జల్లెడపట్టి వాడటానికీ కారణం ఇదే. అకడామా గుళికలు కూడ రెండు మూడేళ్ళలో, ముఖ్యంగా చలికి గడ్డకట్టి కరగడం వల్ల, చితికి మళ్ళీ బంకమట్టి అవుతాయి. అప్పుడు నీరు నిలిచి, గాలి ఆడక, వేళ్ళ కొనలు కుళ్ళి, ఆ కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేక ఆకు అంచు మాడుతుంది. పెంపకందారు మాడిన ఆకును చూసి నీరు చాలలేదనుకొని మరింత పోస్తాడు. మేపుల్ బోన్సాయ్‌లు చనిపోయే దారులలో ఇంతగా నడిచినది మరొకటి లేదని చెప్పవచ్చు.

దీనిని తేల్చుకోవడానికి ఒక సన్నని వెదురు పుల్లను మట్టిలో అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలుంచి తీసి చూడాలి. పైన పొడిగా, అడుగున ముదురు తడిగా ఉంటే పైమట్టిని చూసి నీరు పోయడం ఆపాలి. తొట్టి మీద పోసిన నీరు వెంటనే ఇంకక పైన నిలబడటం, తొట్టి నుంచి మురుగు వాసన రావడం తరువాతి సూచనలు. చెట్టును మెల్లగా ఎత్తి చూసినప్పుడు ఆరోగ్యవంతమైన వేళ్ళ కొనలు తెల్లగా గాని లేత గోధుమరంగులో గాని గట్టిగా ఉంటాయి. కుళ్ళిన వేరును చేతివేళ్ళ మధ్య లాగితే పైతోలు ఊడివచ్చి లోపలి దారం మిగులుతుంది. మట్టి మార్చడానికి సరైన సమయం మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోని వసంతారంభం. నడివేసవిలో వేరుకుళ్ళు బయటపడితే వేళ్ళన్నీ కడిగి కత్తిరించడం ప్రమాదం. తొట్టిని నీడకు మార్చి, ఒక అంచు కింద చెక్కముక్క పెట్టి వాలుగా ఉంచితే నిలిచిన నీటిలో కొంత దిగిపోతుంది. ఎరువు పూర్తిగా ఆపాలి. పీల్చుకోలేని వేళ్ళ చుట్టూ లవణాలను పెంచడం తప్ప జబ్బుపడిన చెట్టుకు ఎరువు చేసే మేలు లేదు.

ఆకు పాలిపోవడం ఇదే తొట్టికి సంబంధించిన మరొక కథ. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపు, ముదిరితే దాదాపు తెలుపు రంగుకు మారడం, అది లేతాకులలో ముందుగా కనిపించడం ఇనుపధాతు లోపపు గుర్తు. అయితే మట్టిలో ఇనుము లేకపోవడం కంటె, ఉన్న ఇనుము కరగకపోవడమే చాలా సందర్భాలలో కారణం. మేపుల్ కొద్దిపాటి ఆమ్లగుణం గల, అంటే పి.హెచ్. 5.5 నుంచి 6.5 మధ్య ఉన్న మట్టిని కోరుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న బోరునీటిని నెలల తరబడి పోస్తే మట్టి క్షారగుణానికి మారి, ఇనుము వేళ్ళకు అందని రూపంలో చిక్కుకుపోతుంది. తెలుగు ప్రాంతాలలో కుండీ గులాబీలకూ మందారాలకూ బోరునీటి వల్ల వచ్చే పాలిపోవడం సరిగ్గా ఇదే. మన రైతులు పైరు మీద చల్లే అన్నభేది, నిమ్మ ఉప్పు మిశ్రమం ఆకుల మీద తాత్కాలికంగా పనిచేస్తుంది; మట్టి ద్వారా ఇవ్వదలచుకొంటే ఇనుమును పట్టి ఉంచి కరిగిన రూపంలో కాపాడే చీలేట్ మందులు కావాలి. వాటిలో ఇ.డి.టి.ఎ. రకం మట్టి ఆమ్లంగా ఉన్నప్పుడే నిలుస్తుంది, క్షారమట్టిలో ఇ.డి.డి.హెచ్.ఎ. రకమే ఫలితమిస్తుంది, కొనేటప్పుడు డబ్బా మీద ఈ అక్షరాలు చూడకపోతే డబ్బు వృథా. వాననీరు పట్టి ఉంచుకొని వాడగలిగినవారికి ఈ బాధ చాలవరకు ఉండదు.

తెగుళ్ళు

శిలీంధ్రపు తెగుళ్ళలో మేపుల్‌ను తరచు పట్టేది బూడిద తెగులు. సవాడియా అనే ప్రజాతికి చెందిన శిలీంధ్రాలు ఆకు పైన పిండి చల్లినట్లు తెల్లని పొరగా పరుచుకొని, కణాలలోకి పీలికలు దింపి ఆహారం లాగుతాయి. లేతాకులైతే ముడుచుకొని వంకరపోతాయి. శిలీంధ్రం అనగానే వాన, తడి అని తలచడం అలవాటు గాని, బూడిద తెగులు బీజాలు మొలకెత్తడానికి ఆకు మీద నీరు ఉండనవసరం లేదు, నిలిచిన నీరు వాటికి అడ్డంకి కూడ. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలి కదలకుండా ఉండే నీడచోటు వాటికి కావాలి. దట్టంగా కొమ్మలు అల్లుకొన్న బోన్సాయ్ లోపలి భాగం అచ్చంగా అటువంటి చోటే. అందువల్ల తొట్ల మధ్య ఎడం పెంచడం, లోపలి ఆకులలో కొన్నింటిని తీసి గాలి ఆడనివ్వడం మందుకంటె ముందు చేయవలసినవి. అవసరమైతే నీటిలో కరిగే గంధకం గాని పొటాషియం బైకార్బొనేట్ గాని చల్లవచ్చు. అయితే ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన రోజున గంధకం ఆకును కాలుస్తుంది, నూనె మందు చల్లిన రెండు వారాలలోగా దానిని వాడినా అదే జరుగుతుంది. శరత్తు చివర, ఆకు రాలబోయే ముందు కనిపించే బూడిదకు మందు అక్కరలేదు, రాలిన ఆకులను ఏరి పారవేస్తే సరిపోతుంది.

ఆంత్రాక్నోస్ అనే మచ్చతెగులు దీనికి భిన్నంగా చల్లని తడి వసంతంలో వస్తుంది; ఈనెల వెంబడి గోధుమ, నలుపు మచ్చలు సాగి లేతాకులు మాడినట్లవుతాయి కనుక దీనిని ఎండదెబ్బగా, లేదా ఆలస్యంగా పడిన మంచు కాటుగా పొరబడతారు. ఎండ లేని వానవారంలో ఆకు మాడిందంటే ఎండను నిందించలేము కదా. ఊదా అంచుగల చిన్న గుండ్రని మచ్చలు ఫిల్లోస్టిక్టా శిలీంధ్రానివి. తారుబొట్లవంటి నల్లని మచ్చలు ఐరోపా మేపుళ్ళలో ఎక్కువ, చూడటానికే భయంకరం. ఈ రెంటికీ ఆకులు తడవకుండా ఉదయం వేళ మట్టికే నీరు పోయడం, రాలిన ఆకులను తీసివేయడం చాలు.

వెర్టిసిల్లియం వడలు తెగులు మాత్రం అలా తీసిపారవేయదగినది కాదు. మట్టిలో ఉండే ఈ శిలీంధ్రం వేరు గుండా ప్రవేశించి, నీటినాళాలలో పెరిగి వాటిని మూసివేస్తుంది. దానితో నడివేసవిలో, మట్టి తడిగా ఉండగానే, ఒక కొమ్మ ఆకులన్నీ ఒక్కసారిగా వాడి, రాలకుండా వేలాడతాయి. వాడిన కొమ్మను ఏటవాలుగా కోసి చూస్తే తోలు కిందనున్న చెక్కలో ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు చారలు చాలాసార్లు కనిపిస్తాయి. కనిపించకపోయినా తెగులు లేదని చెప్పడానికి వీలులేదు, ప్రయోగశాలలోనే తేలాలి. దీనికి మందు లేదు. వాడిన కొమ్మను తీసివేసి, నీరు సమంగా అందిస్తూ, చెట్టు తన కొత్త చెక్కతో ఆ భాగాన్ని కప్పుకొంటుందేమో వేచి చూడటమే పని. ఈ శిలీంధ్రం ఆతిథేయి లేకున్నా మట్టిలో పదేళ్ళకు పైగా నిద్రలో ఉండగలదు, అంతేకాక టమాటా, వంకాయ, బెండ, బంగాళాదుంప, పత్తి మొక్కలన్నీ దానికి ఆశ్రయమిచ్చేవే. అమెరికాలోనో ఇంగ్లండులోనో పెరట్లో వంకాయ, బెండ, టమాటా పెంచుకొనే తెలుగువారి ఇంట మేపుల్ తొట్టి కూడ ఉంటే, ఆ కూరగాయల మడి మట్టిని తొట్టిలో కలపకూడదనడానికీ, కత్తెరను ఆల్కహాలుతో తుడవకుండా మడి నుంచి చెట్టుకు తేకూడదనడానికీ ఇదే కారణం.

పురుగులు, పురుగులు కానివి

వసంతంలో చిగురు ముడుచుకొని జిగటగా ఉంటే ఆకు అడుగున పేనుబంక ఉన్నట్లే. అది విసర్జించే తీపి జిగురు మీద మసి తెగులు పెరిగి ఆకు నల్లబడుతుంది, చీమలు కాండం మీద బారులు తీరుతాయి. చీమలను చూసి చీమలమందు చల్లేవారు అసలు దొంగను వదిలిపెడుతున్నారు. నీటి ధారతో రెండు మూడు రోజులకొకసారి కడిగివేయడం, అక్షింతల పురుగులను చంపకుండా ఉండటం చిన్న చెట్టుకు సరిపోతాయి. వేసవిలో ఆకు మీద సూదులతో గుచ్చినట్లు సన్నని లేతచుక్కలు పడి, ఆకు కంచురంగుకు తిరిగితే ఎర్రనల్లి అనుమానించి, ఆ కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టాలి. రాలిన ధూళిరేణువులలో కొన్ని నడవడం మొదలుపెడితే నిర్ధారణ అయినట్లే. నల్లి కీటకం కాదు, సాలీడు జాతికి దగ్గరిది కనుక చాలా కీటకనాశినులు దాని మీద పనిచేయవు, దానిని తినే జీవులను చంపి దాని సంతతిని పెంచుతాయి కూడ. మన ఇళ్ళలో అన్నిటికీ ముందుగా గుర్తుకువచ్చే వేపనూనె విషయంలో ఒక హెచ్చరిక అవసరం: జపాన్ మేపుల్ ఆకు నూనె మందులకు ఓర్వలేని వాటిలో ఒకటి. ఒక కొమ్మ మీద చల్లి, వారం చూసి, ఎండలేని సాయంత్రం వేళ మాత్రమే వాడాలి.

ఆకు అంచులో వంకీ తీరినట్లు నున్నని అర్ధచంద్రాకారపు కోతలు పడితే అది ఆకులు కత్తిరించి గూడు కట్టుకొనే ఒంటరి తేనెటీగ పని. చెట్టుకు దానివల్ల నష్టం లేదు. వసంతంలో రక్తవర్ణంతో విచ్చుకొన్న దెషోజో వంటి రకాలు జూన్ నాటికి పచ్చబడటం, లోపలి ముదురాకులు వేసవిలో నాలుగైదు పండి రాలడం కూడ రోగాలు కావు. శరత్తులో రంగు సరిగా తిరగకపోవడం తెగులు కాదు, రాత్రులు చల్లబడకపోవడం వల్ల జరిగేది.

ఆకులు చిన్నవి కావడానికీ, కొమ్మలు సన్నగా చీలడానికీ బోన్సాయ్ నిపుణులు వేసవి తొలిరోజులలో ఆకులన్నింటినీ, లేదా కొన్నింటిని కాడ మిగిల్చి కత్తిరిస్తారు. నిలవచేసుకొన్న ఆహారంతో చెట్టు రెండవసారి చిగురిస్తుంది. ఆ నిలవ ఉన్న చెట్టుకే ఇది తగినది. తెగులుపట్టిన ఆకులను వదిలించుకోవడానికి, మాడిన ఆకుల స్థానంలో కొత్తవి రప్పించడానికి ఈ పద్ధతిని వాడమని ఇచ్చే సలహా, కనీసం వేరు స్థితి తెలియనప్పుడు, చెడ్డ సలహాయే. అదే ఏడాది మట్టి మార్చిన చెట్టుకూ, ఎరువు అందని చెట్టుకూ ఇది చేయరు. ఓపిక ఉన్న పెంపకందారు దెబ్బతిన్న ఏడాదిని చెట్టుకు వదిలిపెట్టి, శరత్తులో ఆకులన్నీ రాలాక, మోడు కొమ్మల మీద సున్నపు గంధకం పలుచగా చల్లి, చలికాలం గడిపే శిలీంధ్రబీజాలనూ పురుగు గుడ్లనూ తగ్గిస్తాడు. జపాన్‌లో ఇది ఏటా చలికాలంలో చేసే పని. ఆకు ఉన్న చెట్టు మీద ఇదే గాఢతతో చల్లితే ఆకు మిగలదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో మేపుల్ పెంచదలచేవారికి ఈ చికిత్సలలో ఏదీ పూర్తిగా అక్కరకు రాదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండను నీడవలతో, తుంపర నీటితో కొంతవరకు కాచుకోవచ్చు గాని, కొనితేలేనిది చలి. ఆకురాల్చే ఈ చెట్టుకు ఏటా కొన్ని వారాలపాటు సుమారు 7 డిగ్రీల లోపు చలి తగలకపోతే మొగ్గలు నిద్ర పూర్తిచేసుకోలేవు. అప్పుడు వసంతంలో కొన్ని మొగ్గలు విచ్చుకొని కొన్ని విచ్చుకోక, వచ్చిన ఆకులు చిన్నవై పాలిపోయి, చెట్టు ఏటికేడు నీరసిస్తుంది. ఆ ఆకును చూసి ఎరువు మార్చినా, మందు మార్చినా ప్రయోజనం లేదు. ఊటీ, కొడైకెనాల్ వంటి ఎత్తైన చల్లని ఊళ్ళలో, హిమాలయ పాదాలలో, విదేశాలలోని చలి ప్రాంతాలలో ఉన్నవారికి ఇది సాధ్యమైన పెంపకమే. మైదానాలలో ఉన్నవారు ఆకుల అందమే కోరుకొంటే చింతనూ, రావినీ తొట్టిలో పెంచి చూడవచ్చు. చింత పుల్లలు తుంచినకొద్దీ చిన్న చిన్న ఆకులు వేస్తుంది, రావి చిగురు రాగిరంగులో విచ్చుకొంటుంది, రెంటికీ మన ఎండ కొత్తది కాదు.